నీలగిరి చెట్టు చెప్పు వంశవృత్తాంతము

జలుబు చేసినపుడు నీలగిరి తైలము నెరుగని యిల్లు మనలో అరుదు. ఆ తైలమునకు పేరెన్నికగన్న వృక్షము యూకలిప్టస్ గ్లోబ్యులస్. దాని పుట్టినిల్లు ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపము, దాని కెదురుగా నున్న విక్టోరియా ప్రాంతము. 19వ శతాబ్దిలో అది మన నీలగిరులకు వచ్చినది.

ఆకునకు పచ్చదన మిచ్చునవి హరితరేణువులు. సూర్యరశ్మి బలముతో నీటిని, బొగ్గుపులుసు వాయువును చక్కెరగా మార్చు వంటశాల లివియే. ఒకప్పుడు స్వతంత్రముగా బ్రతికిన సూక్ష్మజీవుల సంతతి యగుటచే, కణకేంద్రమున నున్నది గాక, ఇవి తమదైన డి.ఎన్.ఏ.ను కొంత నిలుపుకొన్నవి. అది నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. 1986లో జపాను శాస్త్రజ్ఞులు పొగాకు మొక్కయందును, మార్కాన్షియా యను నాచువంటి మొక్కయందును దానిని మొదటిసారి పూర్తిగా చదివిరి. 2005లో డొరోతీ స్టీన్ అను శాస్త్రజ్ఞురాలు టాస్మేనియా నీలగిరి చెట్టు గ్రంథమును ప్రకటించినది. అందు 1,60,286 అక్షరముల జంటలు గలవు.

ఇంత గ్రంథమును ఒక్కసారిగా చదువుట అప్పటి యంత్రములకు సాధ్యము గాదు. కావున ముక్కముక్కలుగా చదువుదురు. ఒక ముక్క చివర, వేరొక ముక్క మొదలు ఒక్కటియైనచో, ఆ రెంటిని జతపరతురు. చినిగిన ఉత్తరమును అతికించుట వంటిదే యీ పని. చిక్కేమనగా, ఈ గ్రంథమున ఒక పెద్ద భాగము రెండు తావుల, ఎదురు దిశలలో వ్రాయబడియున్నది. ఏ ముక్క ఏ తావుదో జాగ్రత్తగా తేల్చవలెను.

ఇందువలన ప్రయోజన మేమి? ఈ చెట్టునందు హరితరేణువులు పుప్పొడివెంట రావు. విత్తనముతో తల్లినుండియే సంక్రమించును. విత్తనము తల్లిచెట్టు చేరువనే రాలును. కావున ఈ లిపి తల్లివంశమును, అది పెరిగిన తావును తెలుపగలదు.

అయినను ఈ సాక్షి మాటకు హద్దు కలదు. టాస్మేనియాలో ఒకే చోట పెరుగు వేర్వేరు యూకలిప్టస్ జాతులయందు ఒకే హరితరేణు లిపి కనబడినది. ఒక జాతి పుప్పొడి వేరొక జాతి పూవును చేరగా, పుట్టిన సంతతి తరతరములుగా తండ్రి జాతితోనే కలియుచుండినచో, రూపము తండ్రిది, హరితరేణువు తల్లిది యగును. అట్టిచోట ఈ లిపి ఊరు చెప్పునే గాని పేరు చెప్పదు.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. మన శేషాచలపు ఎర్రచందనమువంటి విలువగల చెట్టును నరికి, ఆకు, పూవు లేని దుంగను పట్టి తెచ్చినపుడు, కొయ్యలో మిగిలిన డి.ఎన్.ఏ. తునకలే దాని జాతిని తెలుపు సాక్ష్యము కావచ్చును. కాని పోల్చి చూచుటకు అడవిలో నిలిచియున్న చెట్ల లిపులు ముందుగా సేకరించి యుండవలెను. కణకేంద్రపు సాక్ష్యమును గూడ విచారింపవలెను. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పుట న్యాయస్థానమునకే గాదు, శాస్త్రమునకును తగదు.