వాన రాకముందే చిల్లు మూయండి
సిలికాన్ పేస్టు ఎక్కడ పట్టుకుంటుంది, ఎక్కడ ఊడిపోతుంది?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, రేకుల షెడ్లు మాత్రం ఈ ఎండలకే సడలుతాయి. పగలు కాలి సాగుతాయి, రాత్రి చల్లబడి ముడుచుకుంటాయి. బోల్టు కింద వాచరు ఎండి చిట్లుతుంది. మృగశిరలో తొలకరి పడినప్పుడు గానీ ఆ సంగతి మనకు తెలియదు. అప్పటికి షెడ్డులో విత్తనాల బస్తాలో, ఎరువు మూటలో, గొడ్ల మేతో ఉండనే ఉంటుంది.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మూడేళ్ల కిందట జింకు రేకుల కొట్టం కారుతోందని పట్నం హార్డ్‌వేర్ అంగట్లో ఒక సిలికాన్ ట్యూబు కొన్నాను. ఏ రకం అని నేను అడగలేదు, అంగడాయన చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం నిచ్చెనేసుకుని బోల్టు బోల్టుకీ పూసేశాను. ఆ ఏడు చుక్క కారలేదు. మరుసటి ఏడు ఒక రాత్రంతా వాన. తెల్లారి చూస్తే విత్తనానికి ఉంచిన వేరుశనగ కాయల్లో రెండు బస్తాలు అడుగుదాకా తడిసి ఉన్నాయి. నాలుగు రోజులకే బూజు వాసన. పైకెక్కి చూద్దును గదా, పేస్టు అంచులు లేచిపోయి, దాని చుట్టూ రేకు మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది.

ఆ కాయలు విత్తనానికి పనికిరాలేదు. గొడ్లకు వేద్దామా అంటే అదీ కూడదు. వేరుశనగకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. పాడి పశువు తింటే అది పాలలోకి కూడా దిగుతుంది. చివరికి గుంత తీసి పూడ్చాం. పేస్టులో లోపం ఏమీ లేదు. తప్పు చోట తప్పు రకం వాడింది నేనే. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

ట్యూబులు రెండు రకాలు

సిలికాన్ పేస్టు గాలిలోని తేమను పీల్చుకుని రబ్బరులా గట్టిపడుతుంది. సిమెంటులా బిగుసుకుపోదు, సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. ఎండకు త్వరగా చెడదు. కదిలే అతుకులకు ఇది పనికొచ్చేది అందుకే. ఎంసీల్ లాంటి ముద్దలు రాయిలా గట్టిపడతాయి కాబట్టి రేకు కదిలే చోట చిట్లుతాయి.

అయితే ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి అసిటాక్సీ రకం. పిండగానే ముక్కుకు పుల్లటి ఘాటు, వెనిగర్ వాసన కొడుతుంది. ఆరేటప్పుడు అందులోంచి ఆమ్లం బయటికి వస్తుంది. రెండోది న్యూట్రల్ రకం. ఆ పుల్లటి వాసన ఉండదు. ధర కొంచెం ఎక్కువ.

అంగట్లో అడగాల్సిన మాట ఒక్కటే: "ఇది న్యూట్రలా, అసిటాక్సీనా?" ట్యూబు మీద రాసి ఉంటుంది. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించుకోండి. గడువు తేదీ కూడా చూడండి. గడువు దాటిన పేస్టు సరిగా గట్టిపడదు.

దేనికి ఏది?

జింకు రేకులు: న్యూట్రల్ మాత్రమే. అసిటాక్సీలోని ఆమ్లం జింకు పూతను తింటుంది. ముందు తెల్ల పొడి, ఆ వెనక తుప్పు. మా కొట్టానికి పట్టిన గతి అదే. ఇప్పటికే తుప్పు ఉంటే పెచ్చులు రాలేదాకా గీకి, తుడిచి, ఆ తర్వాతే పూయాలి. తుప్పు మీద పూసిన పేస్టు తుప్పుతో పాటే ఊడి వస్తుంది.

సిమెంటు రేకులు, సిమెంటు గోడలు: ఇక్కడా న్యూట్రలే. సిమెంటులో సున్నపు గుణం ఉంటుంది. ఆమ్లం తగిలితే పేస్టు కింద సుద్దలాంటి పొర ఏర్పడి పట్టు వదిలేస్తుంది.

కడప బండలు: ఇవి సున్నపురాళ్లు. ఆమ్లం పడితే రాయి పైపొర తింటుంది. బండల మిద్దె సందులకు న్యూట్రల్ వాడండి. పేస్టు నూనె రాతిలోకి ఇంకి మరక పడే వీలుంది కాబట్టి ముందు ఒక మూల పూసి చూడండి.

అద్దం, నున్నటి టైల్సు: అసిటాక్సీ చక్కగా పట్టుకుంటుంది. తక్కువ ధరది ఇక్కడికి చాలు.

తలుపులు, కిటికీల చెక్క: బాగా ఆరిన చెక్క అయి ఉండాలి. రంగు వేయాలనుకుంటే ముందు రంగు వేసి, ఆరాక పేస్టు పెట్టండి. సిలికాన్ మీద రంగు నిలవదు.

నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు, హెచ్‌డీపీఈ పైపులు, డ్రిప్ లేటరళ్లు: ఏ సిలికానూ నిలవదు. ఈ ప్లాస్టిక్‌కు మైనం గుణం ఉంటుంది. పేస్టు ఆరాక చెక్కులా ఊడి చేతికి వస్తుంది. డబ్బు దండగ. ట్యాంకుకు వేడితో అతుకు వేసేవాళ్లుంటారు, వాళ్ల దగ్గరికి తీసుకుపోండి. లేటరల్‌కు జాయినర్ వేసుకోండి.

చిల్లు ఎక్కడుందో ఇలా కనుక్కోండి

నీళ్లు కారే చోటే చిల్లు ఉండాలని లేదు. వాన నీరు రేకు అడుగున జారి, దూరంగా దూలం దగ్గర కారుతుంది. పగటి పూట షెడ్డు తలుపులు మూసి లోపల నిలబడి పైకి చూడండి. చిల్లు ఉన్న చోట వెలుగు చుక్కలా కనిపిస్తుంది. అందులోంచి ఒక చీపురు పుల్ల పైకి గుచ్చి పెట్టండి. పైకెక్కినప్పుడు వెతుక్కునే పని ఉండదు.

పూసే పద్ధతి

1. పైన దుమ్ము, పాత తారు, పాత పేస్టు, నాచు అన్నీ తీసేయాలి. పాత పేస్టు మీద కొత్తది సరిగా పట్టదు. నూనె జిడ్డు ఉంటే గుడ్డను స్పిరిట్‌తో తడిపి తుడవండి.

2. పూసే చోటు పూర్తిగా ఆరాలి. కడిగితే కనీసం ఒకరోజు ఎండనివ్వండి. తడి మీద పూస్తే పైకి అతికినట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు.

3. మిట్టమధ్యాహ్నం పూయొద్దు. కాలిన రేకు మీద పేస్టు బుడగలు పొంగుతుంది. పొద్దున మంచు తడి ఆరాక, రేకు వేడెక్కకముందే పని ముగించండి.

4. ట్యూబు మూతికొనను ఏటవాలుగా కోయండి. గన్‌లో పెట్టి, చెయ్యి ఆపకుండా ఒకే లావుగా పిండుతూ పోండి.

5. పిండిన అయిదు పది నిమిషాల లోపు సబ్బునీళ్లలో ముంచిన వేలితో నొక్కి సర్దండి. పైన పొర కట్టాక ముట్టుకోవద్దు. సబ్బునీళ్లు ఇంకా పూయని చోట పడకుండా చూసుకోండి.

6. పైపొర పది ఇరవై నిమిషాల్లో ఆరుతుంది గానీ లోపల రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే గట్టిపడుతుంది. అంటే ఆరు మిల్లీమీటర్ల లావు పూస్తే రెండు మూడు రోజులు ఆగాలి. మబ్బు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు.

బోల్టు దగ్గర పైపైన పూస్తే చాలదు. బోల్టు వదులు చేసి, పాత వాచరు తీసి, చిల్లు చుట్టూ పేస్టు పెట్టి, కొత్త వాచరు వేసి బిగించండి. సిమెంటు రేకు అయితే మరీ బిగించొద్దు, పగులుతుంది. రెండు రేకులు ఒకదానిపై ఒకటి వచ్చే చోట పేస్టు మధ్యలో ఉండాలి, అంచు మీద కాదు. వేలు పట్టేంత చిల్లుకు పేస్టు ఒక్కటే నిలవదు. చిల్లు కన్నా అన్ని వైపులా మూడంగుళాలు పెద్దగా రేకు ముక్క కోసి, అంచుల్లో పేస్టు పెట్టి, స్క్రూలతో బిగించండి.

వెడల్పు సందు ఉంటే అడుగుదాకా పేస్టు నింపొద్దు. అర అంగుళం సందుకు పావు అంగుళం లోతు చాలు. కింద థర్మోకోల్ ముక్క దూర్చి పైన పూయండి. పేస్టు ఆదా అవుతుంది, బాగా సాగుతుంది కూడా.

ఎంత కావాలి? 300 మిల్లీలీటర్ల ట్యూబు ఆరు మిల్లీమీటర్ల లావున పూస్తే సుమారు ఎనిమిది మీటర్లు, అంటే 26 అడుగులు వస్తుంది. కారే చోట్లు కొలుచుకుని కొనండి. మిగిలితే మూతికొనలో మేకు దూర్చి నీడన పెట్టండి.

ప్రాణం మీదికి తెచ్చుకోకండి

సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెట్టగానే విరుగుతుంది. దూలాల మీద ఆనేలా పలకలు వేసుకుని వాటి మీదే కదలండి. ఒక్కరే ఎక్కవద్దు.

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. వైరు బ్రష్షుతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి తడి గుడ్డతో తుడవండి, ఆరాక పూయండి.

మోటారు స్టార్టర్ పెట్టెలోకి బల్లులు, కందిరీగలు దూరకుండా వైర్లు వెళ్లే రంధ్రాలను మూయవచ్చు. ఫ్యూజులు ఊడదీసిన తర్వాతే పెట్టె ముట్టండి. న్యూట్రల్ రకమే వాడండి, అసిటాక్సీ రాగిని తింటుంది. తేమ బయటికి పోయేందుకు అడుగున రంధ్రం ఉంటే దాన్ని మూయొద్దు. ఊడిన వైరు అతుకుల మీద టేపుకు బదులు పేస్టు పూయొద్దు.

మందు కొట్టే స్ప్రేయరు డబ్బా కారుతుంటే సిలికాన్‌తో అతికించుకుని వీపున వేసుకోవద్దు. ఆ ప్లాస్టిక్‌కు అది పట్టదని పైన చెప్పుకున్నాం. నడుమ పొలంలో ఊడితే పురుగుమందు వీపు మీదే కారుతుంది. చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. డబ్బా మార్చండి.

తాగునీటి తొట్టెల లోపల, గొడ్ల కుడితి తొట్లలో మామూలు పేస్టు వద్దు. కొన్నిటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు. తాగునీటికి పనికొస్తుందని రాసి ఉన్నదే వాడాలి. లేదంటే సిమెంటుతో పూత వేయించుకోవడమే మేలు.

పీవీసీ పైపు అతుకుకు సొల్యూషన్, మర ఉన్న చోట టెఫ్లాన్ టేపు, ఇవే సరైనవి. మోటారు తోసే నీటి ఒత్తిడికి పైన పూసిన పేస్టు ఆగదు. ఎలుకల కన్నాలకూ ఇది వద్దు. కొరికేస్తాయి. గాజు పెంకులు కలిపిన సిమెంటు పెట్టండి.

తడి పేస్టు కళ్లలో పడకుండా చూసుకోండి. గదిలో అసిటాక్సీ వాడేటప్పుడు కిటికీలు తెరవండి.

ముందు గోరంత, తర్వాత గజమంత

పడుతుందో లేదో అనుమానంగా ఉందా? పూయాల్సిన చోట గోరంత పేస్టు పెట్టి రెండు రోజులు ఆగండి. గోటితో లాగి చూడండి. సాగి, చిరిగి, కొంత అక్కడే అతుక్కుని ఉంటే ధైర్యంగా పూయండి. అట్లా కాక చెక్కులా శుభ్రంగా ఊడి వస్తే ఆ చోటుకు అది పనికిరాదని అర్థం. ఏ రకమో ముందే అడిగి ఉంటే మా రెండు బస్తాలు మిగిలేవి.

మృగశిర దగ్గరపడింది. ఈ వారంలో ఒక పగలు తలుపులు మూసి మీ షెడ్డులో పైకి చూడండి. వెలుగు చుక్క ఎక్కడ కనిపిస్తే రేపు వాన చుక్క అక్కడే పడుతుంది. బస్తా విత్తనం ధర ముందు ట్యూబు ధర ఏపాటి? పని అయ్యాక కూడా బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. పూసిన చోట్లను ఏటా రోహిణిలో ఒకసారి ఎక్కి చూసుకోండి.