ఫార్మాట్ కొట్టించాక ల్యాప్‌టాప్ మొరాయిస్తోందా?



విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌ను దగ్గర్లోని షాపులో ఇచ్చి, ఫార్మాట్ కొట్టించి, విండోస్ 11 వేయించుకున్నవారు మీలో చాలామంది ఉంటారు. ఆ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 అర్హత లేకపోయినా, ఆ తనిఖీని దాటవేసి ఇన్‌స్టాల్ చేసే పద్ధతులు ఉన్నాయి. అలా వేశాక ఒక ఇంట్లో వైఫై రాదు, ఇంకో ఇంట్లో సౌండ్ రాదు, మరో ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు మధ్యలో స్క్రీన్ ఆగిపోతుంది. రేపు ప్రాజెక్ట్ ఇవ్వాలంటే ఈ రోజే సిస్టమ్ తెరుచుకోదు.

ఇలాంటప్పుడు మళ్లీ షాపుకు పరుగెత్తే ముందు ఒక విషయం తేల్చుకోండి. ఇది చిన్న మరమ్మతుతో సరిపోయే సమస్యా, లేక వేసిన విండోసే నమ్మదగనిదా? మొదటిదైతే అరగంటలో మీరే సరిచేసుకోవచ్చు. రెండోదైతే ఎన్ని మరమ్మతులు చేసినా లాభం లేదు.

ముందు ఫైళ్లు భద్రం

ఏం ముట్టుకోకముందే పిల్లల ప్రాజెక్టులు, నోట్స్, ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మరవకండి. పిల్లలు చాలా ఫైళ్లు అక్కడే వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు మాత్రం కాపీ చేయవద్దు. తేడా ఉంటే అవే మళ్లీ సమస్యను వెంట తెస్తాయి.

అసలు ఏం వేశారు?

సెట్టింగ్స్ తెరిచి ఈ నాలుగు చోట్ల చూడండి.

ఒకటి, సిస్టమ్‌లో యాక్టివేషన్. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే అది మామూలు స్థితి. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా అయిందని ఉంటే ఆగి ఆలోచించండి. ఆ పద్ధతి ఆఫీసులు, కాలేజీల కోసం ఉన్నది. మీ ఆఫీసువారు ఇచ్చిన ల్యాప్‌టాప్ కాకుండా సొంతంగా కొన్న దానిలో అది కనిపిస్తే, క్రాక్ వాడి ఉండవచ్చు.

రెండు, విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్. అందులో ఎక్స్‌క్లూజన్స్ అనే జాబితా ఉంటుంది. వైరస్ తనిఖీ నుంచి మినహాయించిన ఫైళ్లు, ఫోల్డర్లు ఇవి. మీరు పెట్టనివి అక్కడ ఉంటే, ఎవరో కావాలనే దాచి ఉంచారన్నమాట. ఈ పేజీయే తెరుచుకోకపోయినా అనుమానించాల్సిందే.

మూడు, విండోస్ అప్‌డేట్. అది పూర్తిగా ఆపేసి ఉందా, నెలల తరబడి ఏమీ రాలేదా చూడండి. అర్హత లేని ల్యాప్‌టాప్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. కొన్నాళ్లు వచ్చినా, ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

నాలుగు, అకౌంట్స్. అక్కడున్న ఈమెయిల్ మీదేనా, షాపువారిదా? ఇది ఎందుకు ముఖ్యమో కింద చెబుతాం.

క్రాక్ గుర్తులు కనిపిస్తే ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు లావాదేవీలు, స్కూల్ ఫీజు చెల్లింపులు వెంటనే ఆపండి. పాస్‌వర్డ్‌లు మార్చండి. అయితే అదే ల్యాప్‌టాప్‌లో కాదు, మీ ఫోన్‌లో మార్చండి.

చిన్న మరమ్మతులు

ఆ నాలుగు చోట్లా తేడా లేకపోతే సమస్య ఎక్కువగా డ్రైవర్లదే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం గుర్తు ఉన్న భాగానికి సరైన డ్రైవర్ లేదని అర్థం. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ గ్రాఫిక్స్ పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే, వీడియో క్లాసులు ఆగి ఆగి రావడానికి అదే కారణం కావచ్చు.

ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్‌తో తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో డ్రైవర్లు వెతకండి. డ్రైవర్లన్నీ ఒకే చోట ఇస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లవద్దు. వైఫై డ్రైవరే లేకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఇంటర్నెట్ వస్తుంది.

షట్‌డౌన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్తుంటే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోవు. ఇక ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంటే అందులో పాత హార్డ్ డిస్క్ ఉందేమో కనుక్కోండి. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

బయోస్ మార్చే ముందు

విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ సౌకర్యం, సెక్యూర్ బూట్, జాబితాలో ఉన్న ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలి. ఇంటెల్ అయితే ఎక్కువగా ఎనిమిదో తరం నుంచి మొదలు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టీపీఎం ఉన్నా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. ఆన్ చేస్తే చాలు, దొడ్డిదారి అవసరమే ఉండదు. మీది అర్హమైనదో కాదో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్ చెబుతుంది.

అయితే బయోస్‌లో చేయి పెట్టే ముందు ఒక జాగ్రత్త. డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, ఆ మార్పు తర్వాత ల్యాప్‌టాప్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మామూలుగా సెటప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. సెటప్ షాపువారి ఈమెయిల్‌తో జరిగితే, మీ ఇంటి తాళంచెవి వారి దగ్గరున్నట్టే. కీ దొరక్కపోతే లోపలి ఫైళ్లు దక్కవు. అందుకే ముందు కీ ఎక్కడుందో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.

మళ్లీ వేయాల్సి వస్తే

క్రాక్ ఉన్న విండోస్‌ను బాగుచేసే ప్రయత్నం వద్దు. ఫైళ్లు కాపీ అయ్యాక, మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, కొత్తగా వేయించండి. ఆ పెన్‌డ్రైవ్‌ను నమ్మకమైన వేరే కంప్యూటర్‌లో తయారు చేయడం మేలు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విండోస్ 10 లేదా 11తో కొన్న ల్యాప్‌టాప్‌లో సాధారణంగా లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది. సరైన ఎడిషన్ వేసి ఇంటర్నెట్ ఇస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఎడిషన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు షాపులో ప్రో వేస్తే ఆ లైసెన్స్ సరిపోదు, అక్కడే క్రాక్ అవసరం పడుతుంది. మీరు ఎప్పుడో డబ్బు కట్టేసిన లైసెన్స్‌ను వదిలి దొంగది వాడటం ఎందుకు?

అర్హత లేని ల్యాప్‌టాప్‌కు ఏది దారి?

పారేయనక్కర్లేదు. విండోస్ 10కే తిరిగి వెళ్లి, సొంత ల్యాప్‌టాప్‌ల కోసం మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరవచ్చు. అది 2026 అక్టోబర్ 13 వరకు అని ప్రకటించారు. ఆ తర్వాత కూడా వాడాలంటే లినక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టమ్ ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, కెమెరా, మైకు పనిచేస్తున్నాయో ముందే చూసుకోవచ్చు. బ్రౌజర్‌లో చేసే చదువు పనులకు చాలావరకు అది సరిపోతుంది. కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్లు మాత్రం విండోస్‌లోనే నడుస్తాయి కాబట్టి మార్చే ముందు క్లాస్ టీచర్‌ను ఒకసారి అడగండి. పరీక్షల వారంలో మాత్రం ఏ మార్పూ పెట్టుకోవద్దు.

ఈసారి షాపుకు వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఎడిషన్ వేస్తున్నారు? లైసెన్స్ ఎక్కడిది? సెటప్ ఎవరి ఈమెయిల్‌తో చేస్తున్నారు? జవాబులు స్పష్టంగా వస్తేనే ల్యాప్‌టాప్ చేతికివ్వండి. వీలైతే మీ బాబునో పాపనో వెంట తీసుకెళ్లండి. ఆ ప్రశ్నలు వాళ్లే అడిగినా బాగుంటుంది.