అకాట్సుకి మబ్బుకి తేజ మిర్చి టెస్ట్: ఓ యానిమే పిచ్చోడి ఫోన్ కథ

కొత్త ఫోన్ చేతికి రాగానే అందరూ కెమెరా ఓపెన్ చేస్తారు. నేను 'నరుటో' పెడతాను. మొదటి సిరీస్ 220, 'షిప్పుడెన్' 500, మొత్తం 720 ఎపిసోడ్లు. రెండుసార్లు పూర్తి చేశాను. ఇప్పుడు మూడోసారి చూస్తూ దానికి 'డిస్‌ప్లే టెస్టింగ్' అని పేరు పెట్టుకున్నాను. నల్లపాడులో మా ఇంట్లోవాళ్ల దృష్టిలో నేను ఫోన్ల ఉద్యోగం చేస్తున్నాను.

నా పిచ్చి ఏ రేంజ్‌లో ఉంటుందో చెప్తాను. 120 హెర్ట్జ్ డిస్‌ప్లే కోసం బడ్జెట్ దాటి ఇంకో 7,000 పెట్టాను. యానిమే వీడియో ఉండేదే సెకనుకు 24 ఫ్రేములు. అందులోనూ చాలా సీన్లలో ఒక్కో బొమ్మని రెండు, మూడు ఫ్రేములపాటు అలాగే ఉంచుతారు. అంటే సెకనుకి గీసేది 12 బొమ్మలు, ఒక్కోసారి 8. ఎనిమిది బొమ్మల కోసం 120 హెర్ట్జ్ కొన్న మేధావిని నేను!

పూర్తిగా దండగేం కాదు లెండి. 120ని 24తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది, కాబట్టి ప్రతి ఫ్రేమూ సమానంగా నిలుస్తుంది. 60 హెర్ట్జ్‌లో రెండున్నర వస్తుంది. అందుకే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపిస్తుంది. సీన్ మెల్లగా పక్కకి జరిగేటప్పుడు చిన్న కుదుపు కనిపిస్తుంది. చాలా ఫోన్లు వీడియో యాప్‌లో వాటంతటవే 60కి దిగిపోతాయి. డెవలపర్ ఆప్షన్స్‌లో రిఫ్రెష్ రేట్ చూపించే ఆప్షన్ ఆన్ చేసి చెక్ చేసుకోండి. ఈ కుదుపు గురించి మా ఫ్రెండ్‌కి గంటసేపు క్లాస్ పీకాను. వాడికి కుదుపు కనిపించలేదు, ఆ తర్వాత వారం రోజులు వాడు నాకు కనిపించలేదు.

మేమంతా ఇంతే. అసుస్ తెచ్చిన 'ఇవాంజెలియన్' ఎడిషన్ మదర్‌బోర్డు మీద స్పెల్లింగ్‌లో ఒక 'ఎన్' ఎక్కువ పడిందని 2023లో బయటపడింది. కంపెనీ తప్పు ఒప్పుకుని ఆ భాగం మార్చి ఇస్తామంది. నాకు ఆ బోర్డు లేదు, అసలు డెస్క్‌టాపే లేదు. అయినా ఆ ఫొటో జూమ్ చేసి అక్షరాలు లెక్కపెట్టాను.

అన్నిటికంటే పెద్ద పిచ్చి ఇంకోటుంది. "డబ్బింగ్‌లో చూసేవాడు ఫ్యానే కాదు" అని వాదించేవాణ్ణి. 2024లో 'సోలో లెవెలింగ్' క్రంచీరోల్‌లో తెలుగు డబ్బింగ్‌తో వస్తే నవ్వాను. నాకు జపనీస్ రాదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చదువుకుంటూ జపనీస్ అర్థమైనట్టు తల ఊపడమే నా పాండిత్యం.

ఓ సాయంత్రం నాన్న వెనక నిలబడ్డాడు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తా. తేజ ఏదో, 334 ఏదో, తాలు ఏదో చూపుతోనే చెప్పేస్తాడు. స్క్రీన్ మీద అకాట్సుకి వాళ్ల నల్ల కోట్ల మీద ఎర్ర మబ్బులు.

"ఏందిరా ఈ ఎరుపు? రంగు కలిపిన కారంలా ఉంది."

నేను అదే ఫోన్‌కి "రంగులు అదుర్స్" అని రివ్యూ రాసి పంపాను! పంతం కొద్దీ వంటింట్లోంచి నాలుగు తేజ కాయలు తెచ్చి ఫొటో తీసి, పక్కపక్కన పెట్టాను. వివిడ్ మోడ్‌లో ఫొటో భగ్గుమంటోంది. నేచురల్ మోడ్‌కి మార్చగానే, "ఇదిగో, ఇప్పుడు తేజ" అన్నాడు. రివ్యూలో ఆ లైన్ మార్చాను.

తర్వాత సాస్కేని చూపించి, "ఆ కుర్రాడికి ఎందుకంత కోపం?" అని అడిగాడు. నేను చెప్పేలోపే నాలుగు డైలాగులు వెళ్లిపోయాయి. కాసేపు చూసి లోపలికి వెళ్లాడు. మూడేళ్లుగా ఇంతే, ఐదు నిమిషాలు నిలబడి వెళ్లిపోతాడు. ఆయనకి ఇంట్రెస్ట్ లేదనుకున్నాను. నాన్నకి ఇంగ్లీష్ చదవడం రాదు. ఫ్రేములు లెక్కపెట్టిన నేను ఆ సంగతి మాత్రం ఆలోచించలేదు.

మర్నాడు 'సోలో లెవెలింగ్' తెలుగులో పెట్టాను. అమ్మ ఆసుపత్రి ఖర్చుల కోసం, చాలినంత బలం లేకపోయినా రాక్షసులతో పోరాటానికి వెళ్లే కుర్రాడి కథ. నాన్న కుర్చీ తెచ్చుకున్నాడు. "ఆ అప్పు తీరేదాకా చూద్దాంరా" అన్నాడు. 2025 సెప్టెంబర్ 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగులోనూ థియేటర్లకి వచ్చినప్పుడు రెండు టికెట్లు తీశాను. అంతకుముందు కథంతా దారిపొడవునా నేనే చెప్పాను. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరూ ఆపలేదు.

ఇక ఫోన్ కొనేవాళ్లకి నా మాట. వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో చూడండి. ఎల్3 అయితే స్క్రీన్ ఎంత గొప్పదైనా చాలా యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. కలర్ మోడ్ నేచురల్‌లో పెట్టుకోండి. స్టీరియో స్పీకర్లు గట్టిగా ఉన్న ఫోన్ తీసుకోండి, ఇయర్‌ఫోన్స్‌తో పక్కవాళ్లకి వినపడదు. జపనీస్ ఆడియో నాకు ఇప్పటికీ ఇష్టమే, అది రాత్రి పదింటి తర్వాత. మీ వెనకాల కూడా ఎవరైనా నిలబడి ఐదు నిమిషాలు చూసి వెళ్లిపోతుంటే, ఒకసారి ఆడియో మెనూలో తెలుగు ఉందేమో చూడండి.