పొలానికి బలం, పగడానికి ఉరి

ఆదిభట్ల: వేసవిలో చెరువు ఎండితే ఇబ్రహీంపట్నం ప్రాంతపు రైతులకు చేతినిండా పని. చెరువు కడుపులో పేరుకున్న నల్లమన్ను తవ్వి పొలాలకు తోలుకుంటారు. వెనకటి రోజుల్లో ఎడ్లబండ్ల మీద తోలేవారు. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత ప్రొక్లెయినర్లు, ట్రాక్టర్లు చెరువుల్లోకి దిగాయి. ఎర్రచెలకలో ఒండ్రు పడితే తడి ఆగుతుంది, ఎరువు ఖర్చు కలిసివస్తుంది. చెరువులో నీరూ ఎక్కువ నిలుస్తుంది. కనుక పూడిక తీయడమంటే ఇక్కడ మంచిపని కిందే లెక్క. అందులో రెండో మాట లేదు.

కానీ అదే పని సముద్రంలో, అదీ పగడాలు పెరిగే చోట జరిగితే కథ తిరగబడుతుంది. పొలానికి బలమైన మన్నే అక్కడ ప్రాణం తీస్తుంది. అందుకు దగ్గరి ఉదాహరణ రామేశ్వరం దగ్గరే ఉంది.

రామేశ్వరం యాత్ర చేసి వచ్చినవారు సేతు సముద్రం పేరు వినే ఉంటారు. మన దేశానికీ శ్రీలంకకూ మధ్య సముద్రం చాలా లోతు తక్కువ. పెద్ద ఓడలు ఆ దారిన పోలేవు. తూత్తుకుడి నుంచి చెన్నైకి, విశాఖకు రావాలంటే శ్రీలంకను చుట్టి రావలసిందే. సముద్రం అడుగున కాలువ తవ్వితే ఈ చుట్టు తప్పుతుందని 1860లోనే టేలర్ అనే ఇంగ్లీషు అధికారి సూచించాడు. ఆ మాట ప్రభుత్వాలు మారుతున్నా నలుగుతూనే వచ్చింది. చివరకు 2005 జూలై 2న మదురైలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ పనులు ప్రారంభించారు. 167 కి.మీ. పొడవు, 300 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు అని లెక్క వేశారు. అంచనా 2,427 కోట్ల రూపాయలు. ఓడలకు 30 గంటల వరకు ప్రయాణం తగ్గుతుందన్నారు.

ఇందులో తెలుగువారి చెయ్యి కూడా ఉంది. తవ్వకం పని దక్కింది విశాఖపట్నం ప్రధాన కార్యాలయంగా నడిచే డ్రెడ్జింగ్ కార్పొరేషన్‌కు. 1976లో ఏర్పడిన ఈ సంస్థ రేవుల్లో పూడిక తీయడంలో అనుభవం గలది. అంతటి సంస్థకూ ఆడమ్స్ బ్రిడ్జి వద్ద నేల లొంగలేదు. అక్వేరియస్ అనే తవ్వకం ఓడను కదలకుండా నిలబెట్టే ఇనుప స్తంభమే విరిగిపోయింది.

డ్రెడ్జర్ అనే ఈ ఓడ పని తీరు తెలిస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. ప్రొక్లెయినర్ మన్నును ఎత్తి ట్రాక్టర్‌లో పోస్తుంది, ట్రాక్టర్ పొలానికి పోతుంది, అంతటితో సరి. డ్రెడ్జర్ అలా కాదు. లావుపాటి గొట్టాన్ని సముద్రం అడుగుకు దింపి బురదను నీటితో సహా పీల్చుకుంటుంది. గట్టినేల ఉంటే తిరిగే పళ్ల చక్రంతో కోస్తుంది. ఓడ కడుపు నిండేసరికి పైన తేలిన మురికినీరు మళ్లీ సముద్రంలోకే పొర్లుతుంది. నిండిన బురదను వేరే చోటికి తీసుకుపోయి, ఓడ అడుగు తలుపులు తెరిచి వదులుతారు. అంటే తవ్విన చోటా బురదే, పోసిన చోటా బురదే. అది ప్రవాహం ఎటు లాగితే అటు పోతుంది.

ఇక పగడం సంగతి. ఉంగరంలో పొదిగే ఎర్రరాయిగానే మనకు పగడం తెలుసు. నిజానికి అది రాయి కాదు, ఒక చిన్న జీవి కట్టుకున్న ఇల్లు. దిబ్బలు కట్టే పగడాల్లో ఆ జీవి ఒంట్లో కంటికి కనిపించనంత సన్నని నాచు కాపురం ఉంటుంది. వరిపైరు లాగే ఆ నాచుకూ ఎండ కావాలి. ఎండలో అది వండిన తిండే పగడానికి ప్రధానాహారం. ఆ బలంతోనే జీవి సున్నం పోగుచేసి దిబ్బ కడుతుంది. గుండు వంటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మనిషి ఎత్తు దిబ్బ కావాలంటే రెండు తరాలైనా చాలవు, ఇంకా ఎక్కువే పడుతుంది.

నీళ్లు బురదైతే ఎండ దిగదు, నాచుకు తిండి ఆగుతుంది. మీద మన్ను కూర్చుంటే పగడం జిగురు కార్చి దాన్ని నెట్టేస్తుంది. ఒకనాడు, రెండునాళ్లు నెట్టగలదు. నెలల తరబడి కురిస్తే ఉన్న సత్తువంతా అందుకే అయిపోయి ఊపిరాడక చస్తుంది. పిల్ల పగడాలు అంటుకోవడానికి శుభ్రమైన గట్టి రాయి కావాలి, మెత్తటి మన్ను మీద అవి నిలవవు. కనుక చచ్చినచోట కొత్తవి రావడమూ కష్టమే.

దీనికి రుజువు మన కోస్తాలోనే ఉంది. అంత పొడవైన తీరం ఉన్నా ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరూ ఒండ్రూ ఇందుకు పెద్ద కారణం. విశాఖ వైపు రాళ్ల మీద అక్కడక్కడ పగడాలు కనిపించినా దిబ్బలుగా ఎదగలేదు. మన మూసీ కూడా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి తన వంతు మన్ను అటే పంపుతుంది. ఏ ఒండ్రు డెల్టాకు అన్నం పెడుతోందో అదే పగడాన్ని దరికి రానివ్వదు.

రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నార్ సింధుశాఖలో పరిస్థితి వేరు. అక్కడ 21 దీవుల చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. 117 రకాల పగడాలను అక్కడ గుర్తించారు. చేపలు గుడ్లు పెట్టేదీ, పిల్లలు దాక్కునేదీ ఈ దిబ్బల్లోనే. పాంబన్ చుట్టుపక్కల ఆడవాళ్లు నీళ్లలో మునిగి సముద్రపు నాచు ఏరి అమ్ముకుని బతుకుతున్నారు. చెరువు ఎండితే బెస్తవాడి వల ఎలా అటకెక్కుతుందో, ఆ దిబ్బలు చస్తే వీరి బతుకులూ అంతే.

కాలువను సమర్థించినవారి మాటా చెప్పాలి. కాలువ గీత దీవుల మీదుగా పోవడం లేదని, దూరంగానే పోతుందని, తవ్వేటప్పుడు నీటిని కనిపెట్టి చూస్తామని వారు అన్నారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పరిశీలించి నివేదిక ఇచ్చింది, పర్యావరణ అనుమతీ వచ్చింది. ఇవి కాదనలేనివే. కానీ బురద గీత చూసి ఆగదు. రుతుపవనాన్ని బట్టి అక్కడి ప్రవాహం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. పైగా సముద్రపు కాలువ చెరువు లాంటిది కాదు, తవ్విన కొద్దీ పూడుతుంది. ఒకసారి తవ్వినవారు ఏటేటా తవ్వుతూనే ఉండాలి.

అమెరికాలోని మయామీ రేవు అనుభవం చూస్తే ఈ భయం ఊరకే కాదని తెలుస్తుంది. పెద్ద ఓడల కోసం 2013 చివర నుంచి 2015 దాకా అక్కడ పగడపు దిబ్బ మధ్యగా ఉన్న ఓడల బాటను లోతు చేశారు. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం బాటకు 500 మీటర్ల లోపలే 5 లక్షలకు పైగా పగడాలు చచ్చిపోయాయి. డబ్బుకూ, యంత్రాలకూ, నిబంధనలకూ కొదవలేని దేశంలో జరిగిన సంగతి ఇది.

మన్నార్ పగడాలకు మనిషి దెబ్బ కొత్త కాదు. సున్నం కోసం, ఇళ్ల పునాదుల కోసం ఏళ్ల తరబడి వాటిని బండ్లకొద్దీ పగలగొట్టి తెచ్చారు. పగడపు దిబ్బ తీరానికి చెరువు కట్ట వంటిది, అలల తాకిడి ముందు తాను కాస్తుంది. కట్టను తవ్వుకుంటే ఏమవుతుంది? 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి జాబితాలో చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ అన్నమాట.

సేతు సముద్రం ఆగింది గాని పగడాల వల్ల కాదు. రాముడు కట్టిన వారధిగా భక్తులు కొలిచే సేతువును తవ్వరాదంటూ వ్యాజ్యాలు పడ్డాయి. దానికి హాని చేయవద్దని 2007 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజుల్లో ఊళ్లలో రచ్చబండల మీద జరిగిన చర్చ కూడా వారధి గురించే. నీటి అడుగు సంగతి, జాలర్ల సంగతి ఎత్తినవారు తక్కువ. మిగిలిన చోట్ల తవ్వకమూ 2009లో నిలిచిపోయింది. అప్పటికే వందల కోట్ల రూపాయలు సముద్రం పాలయ్యాయి. పచౌరీ కమిటీ వేరే దారిని పరిశీలించి, అదీ లాభసాటి కాదని, పర్యావరణానికి మంచిది కాదని తేల్చింది. సేతువుకు హాని లేని మరో దారి చూస్తామని 2018లో కేంద్రం కోర్టుకు తెలిపింది.

2023 జనవరిలో తమిళనాడు శాసనసభ ఈ కాలువను వెంటనే పూర్తి చేయాలని తీర్మానం చేసింది. అంతకు ముందు ఏడాది, 2022లో, అదే రాష్ట్ర ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని సముద్రపు ఆవుల రక్షణకు కేటాయించింది. నీటి అడుగున పెరిగే గడ్డి మేసి బతికే జంతువు అది. ఆ గడ్డికీ ఎండ కావాలి.