నాజర్ బుర్రకథ: వంతల ప్రశ్న

షేక్ నాజర్‌ను గురించి రాసేటప్పుడు మనం సాధారణంగా ఒక మాట చెప్పి ఊరుకుంటాం: ఉద్యమం వస్తువునిచ్చింది, ఆయన గొంతునిచ్చాడు. ఇది సగం నిజం మాత్రమేనని నా అభిప్రాయం. మిగిలిన సగం బుర్రకథ రూపంలో ఉంది.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు కట్టాడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు. ఆనాటికి బుర్రకథ జంగాలు, పిచ్చుకుంట్లవారు ఊరూరా చెప్పి పొట్టపోసుకునే విద్య. పెద్దమనుషుల సభల్లో దానికి చోటు లేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని రాజకీయ వేదిక మీదికి తెచ్చింది. బెంగాల్ కరువు, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలతో నాజర్ దానికి ప్రాణం పోశాడు.

ఇందులో ఆయన ప్రత్యేకత ఏమిటి? కథకుడు తంబురా భుజాన వేసుకుని, చేతి అందెలు మోగిస్తూ కథ నడుపుతాడు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. నాజర్ తాను నేర్చిన సంగీతాన్నీ, నాటకంలో అలవడిన అభినయాన్నీ కథకుడి పాత్రలోకి తెచ్చాడు. అయితే ఆ కథకుడు ఎంత గొప్పవాడైనా వేదిక అతని ఒక్కడిదే కాదు. కథ బిగువు మీదున్నప్పుడు హాస్యగాడు అడ్డుపడి, జనంలో కూర్చున్న పాలేరుకు కలిగే సందేహాన్నే అడుగుతాడు. రాజకీయం చెప్పేవాడు పాత కథను నేటి బతుకుతో ముడిపెడతాడు. శ్రోత తన తరఫు మనిషిని వేదిక మీద చూసుకుంటాడు.

ఈ రూపానికి పాలకులు భయపడ్డారు కాబట్టే ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ప్రజానాట్యమండలి నిషేధాలను ఎదుర్కొంది. కాలం మారింది. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. తన ఆత్మకథకు మాత్రం ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. ఊరు తిట్టుగా వాడిన కులం పేరునే పుస్తకానికి శీర్షిక చేయడంలో ఆయన స్వభావం తెలుస్తుంది. 1997లో ఆయన కన్నుమూశాడు.

ఇప్పటి సంగతి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం పూర్వం కృష్ణాజిల్లా పడమటి మెట్ట. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇక్కడ నేను పాఠం చెప్పే పిల్లల్లో బుర్రకథ చూసినవారు కొద్దిమందే. చూసినవారికీ అది సర్కారు పథకాల ప్రచారంగానే తెలుసు. అలాంటి ప్రదర్శన ఒకటి నేనూ చూశాను. తంబురా ఉంది, గుమ్మెటలున్నాయి, హాస్యగాడూ ఉన్నాడు. కాని అతను అడిగినవన్నీ జవాబు ముందే సిద్ధంగా ఉన్న ప్రశ్నలు. జనం నవ్వారు గాని ఉలిక్కిపడలేదు.

కాబట్టి జానపద రూపం తనంతట తాను అభ్యుదయకరం కాదు. మంచి వస్తువు నింపినంత మాత్రాన కూడా కాదు. ఎదురు ప్రశ్నకు చోటుండాలి. మన భాషలో 'వంత పాడటం' అంటే అవునంటే అవుననడం. నాజర్ వంతలు ఆ పని చేయలేదు. ప్రజల కోసం రాస్తున్నామనుకునే మనం, మన రచనలో ఆ రెండో గొంతుకు చోటిస్తున్నామా అని ఎవరికి వారు చూసుకోవాలి.