స్పోర్ట్స్ కారు: శక్తిని పెంచుట, వేగమును ఆపుట

కమ్మరి కొలిమిలో బొగ్గులు వాటంతట అవి మండుచున్నంత వరకు ఇనుము తొందరగా ఎఱ్ఱబడదు. తిత్తి ఊదిన మరుక్షణమున అవే బొగ్గులు భగ్గున ప్రజ్వరిల్లును. అక్కడ బొగ్గు పెరుగలేదు. బొగ్గునకు చేరు గాలి పెరిగినది. వేగమునకు పేరు పొందిన స్పోర్ట్స్ కార్ల శక్తి కూడ ముఖ్యముగా ఈ సూత్రముపైననే ఆధారపడి యున్నది.

ఇట్టి కార్లయందు ఆసక్తి గలవారు క్రొత్త నమూనా వెలువడినప్పుడెల్ల మొదట అడుగు ప్రశ్న, దాని అశ్వశక్తి ఎంత అని. పాత కారు గలవారు సైతము ఏదో యొక మార్పు చేసి ఆ అంకెను పెంచవలెనని కోరుదురు. శక్తిని పెంచుట అసాధ్యము కాదు. కాని పెంచిన శక్తితో పాటు పుట్టిన వేడి ఎక్కడికి పోవలెను? ఎదురుగాలి ఆ శక్తిని ఎంత మ్రింగివేయును? అంత వేగముతో పోవు కారును ఆపునది ఏది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము దొరకనిచో ఆ మార్పు మెరుగు కాదు, ప్రమాదము.

ఇంజను పీల్చు గాలి

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావలెను. పెట్రోలును ఎక్కువగా చిమ్ముట సులభమే. దానికి తగిన గాలిని సిలిండరులోనికి పంపుటయే కష్టము. కనుక ఇంజను శక్తికి హద్దు ఏర్పరచునది పెట్రోలు కాదు, గాలి.

దీనిని లెక్కించి చూడవచ్చును. నాలుగు ఘాతముల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి ప్రతి సిలిండరు గాలితో నిండును. ఇంజను ఘనపరిమాణము 2 లీటర్లనియు, అది నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్నదనియు అనుకొనుడు. అది నిమిషమునకు 6,000 లీటర్లు, అనగా సెకనుకు 100 లీటర్ల గాలిని పీల్చును. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు గనుక, ఇది 120 గ్రాములు. ఇంత గాలితో 8 గ్రాముల పెట్రోలు మండును. గ్రాము పెట్రోలులో దాదాపు 44 కిలోజౌళ్ల శక్తి కలదు. కావున సెకనుకు సుమారు 350 కిలోజౌళ్ల ఉష్ణము పుట్టును. దానిలో 30 శాతము మాత్రమే చక్రములకు ఉపయోగపడు పనిగా మారినదనుకొన్నచో, అది 105 కిలోవాట్లు. ఒక మెట్రిక్ అశ్వశక్తి 736 వాట్లు గనుక, ఇది 140 అశ్వశక్తికి కొంచెము పైన ఉండును. 2 లీటర్ల మంచి ఇంజనులు నిజముగా ఇచ్చు శక్తి దాదాపు ఇంతయే.

శక్తిని పెంచుటకు మార్గములు ఈ లెక్కలోనే ఉన్నవి. ఇంజనును పెద్దది చేయవచ్చును. కాని బరువు పెరుగును. మరింత త్వరగా త్రిప్పవచ్చును. కాని చుట్లు రెట్టింపైనచో పిస్టనులు, కడ్డీలు భరించవలసిన బలము నాలుగు రెట్లగును. మూడవ మార్గము, అదే సిలిండరులో గాలిని కూరుట. ఇదియే కొలిమి తిత్తి చేయు పని.

పొగతో తిరుగు తిత్తి

గాలిని కూరు పంపును ఇంజనుతోనే త్రిప్పినచో దానిని సూపర్‌ఛార్జరు అందురు. అది ఇంజను శక్తిలో కొంత భాగమును తానే తినివేయును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూఖీ మరియొక మార్గమును కనిపెట్టి, 1905లో పేటెంటు పొందెను. ఇంజను నుండి వెలువడు పొగలో ఇంకను చాల వేడి, పీడనము మిగిలియుండును. ఆ పొగ ఒక చిన్న టర్బైనును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొననున్న చక్రము బయటి గాలిని నొక్కి ఇంజనులోనికి పంపును. ఇదియే టర్బోఛార్జరు. నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగుట దీనికి సాధారణము.

అయితే గాలిని నొక్కినచో అది వేడెక్కును. సైకిలు పంపు కొట్టిన పిదప దాని అడుగు భాగమును తాకి చూచిన ఈ సంగతి తెలియును. 30 డిగ్రీల గాలిని 1.8 రెట్ల పీడనమునకు నొక్కినచో, ఎట్టి నష్టమును లేకున్నను, దాని ఉష్ణోగ్రత దాదాపు 85 డిగ్రీల సెల్సియస్ అగును. వేడి గాలి వ్యాకోచించును గనుక సాంద్రత 1.8 రెట్లు పెరుగదు, 1.5 రెట్లు మాత్రమే పెరుగును. అదే గాలిని 45 డిగ్రీలకు చల్లార్చినచో సాంద్రత 1.7 రెట్లు దాటును. ఈ చల్లార్చు సాధనమును ఇంటర్‌కూలరు అందురు.

వేడి గాలి వలన ఇంకొక కీడు కలదు. సిలిండరులోని మిశ్రమము స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ వద్ద అంటుకొని క్రమముగా మండవలెను. అది మితిమీరి వేడెక్కినచో, మంట చేరకముందే మూలనున్న మిశ్రమము తనంత తానే ప్రేలును. ఇంజనులో టకటకమని శబ్దము వినవచ్చును. మెకానిక్కులు దీనిని నాకింగు అందురు. ఇది ఎక్కువైనచో పిస్టనులకే చిల్లులు పడును.

1962లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ కారు ఈ చిక్కును స్పష్టముగా చూపినది. టర్బోఛార్జరుతో అమ్మకమునకు వచ్చిన మొదటి కార్లలో అది యొకటి. 3.5 లీటర్ల ఇంజను 215 అశ్వశక్తి ఇచ్చెను. నాకింగును అణచుటకు నీరు, మిథైల్ ఆల్కహాలు కలిపిన ద్రవమును ఇంజనులోనికి చిమ్మెడి ఏర్పాటు చేసిరి. ఆ ద్రవమును కొన్నవారే ఎప్పటికప్పుడు నింపుకొనవలెను. పెక్కుమంది ఆ సంగతి మరచిరి. 1963తో ఆ కారు తయారీ ఆగిపోయినది. శక్తి నిచ్చు భాగము పనిచేసినది. వేడిని భరించు ఏర్పాటు నిత్యజీవితమున నిలువలేదు.

జర్మనీలోని పోర్షె సంస్థ అనుసరించిన మార్గము వేరు. 1974లో పారిస్ ప్రదర్శనలో చూపిన 911 టర్బో కారు 3 లీటర్ల ఇంజనుతో 260 అశ్వశక్తి ఇచ్చెను. 1978 నాటి నమూనాలో ఇంజనును 3.3 లీటర్లకు పెంచి, ఇంటర్‌కూలరును అమర్చి, 300 అశ్వశక్తిని సాధించిరి. అంతటితో ఆగక, తమ 917 అను పందెపు కారు బ్రేకుల వంటి వానిని దీనికి అమర్చిరి. శక్తి, చల్లదనము, బ్రేకు మూడును కలిసి పెరిగినవి. నిజమైన మెరుగు అనగా ఇదియే.

బయటి గాలి పన్ను

కారు లోనికి పీల్చు గాలి మిత్రుడు. ఎదురుగా నిలుచు గాలి శత్రువు. గాలి నిరోధము వేగ వర్గమును బట్టి పెరుగును. శక్తి అనగా నిరోధమును వేగముతో గుణించగా వచ్చునది. కావున కావలసిన శక్తి వేగ ఘనమును బట్టి పెరుగును. వేగము రెట్టింపైనచో శక్తి ఎనిమిది రెట్లు కావలెను.

ఈ సూత్రమునకు బుగాటి సంస్థ కార్లు చక్కని నిదర్శనము. 2005 నాటి వేరాన్ కారులో 8 లీటర్ల ఇంజను, 16 సిలిండర్లు, నాలుగు టర్బోఛార్జర్లు ఉండెను. 1,001 అశ్వశక్తితో అది గంటకు 407 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. 2010లో అదే జాతి సూపర్ స్పోర్ట్ నమూనా 431 కిలోమీటర్ల వేగముతో పోయినది. 431ని 407తో భాగించి, వచ్చిన దానిని ఘనము చేసి, 1,001తో గుణించినచో సుమారు 1,190 వచ్చును. ఆ నమూనా ఇంజను శక్తి 1,200. వేగములో 24 కిలోమీటర్ల పెంపునకు 200 అశ్వశక్తి ఖర్చైనది. అది మామూలు కార్లు రెండింటిని నడుపుటకు చాలిన శక్తి.

2019లో అదే సంస్థ షిరాన్ కారు నమూనా ఒకటి 1,600 అశ్వశక్తితో 490 కిలోమీటర్ల వేగమును దాటెను. పై లెక్క ప్రకారము దానికి 1,760కి పైగా కావలెను. తక్కువ పడిన శక్తిని ఆకారము పూరించినది. కారు వెనుక భాగమును పొడిగించి, గాలి సుడులు పడకుండ చేసిరి. అనగా ఇంజనును పెంచుట వలె, గాలిని నొప్పింపకుండ చీల్చుకొని పోవుట కూడ శక్తి సంపాదనయే.

ఇంధన శక్తిలో మూడవ వంతు కూడ చక్రములకు చేరదు గనుక, మిగిలినది వేడిగా బయటికి పోవలెను. వేరాన్ కారులో అందుకొరకు పది రేడియేటర్లను అమర్చవలసి వచ్చినది.

ఆపుట

1,500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు దాని గతిజ శక్తి సుమారు 580 కిలోజౌళ్లు. 200 కిలోమీటర్ల వద్ద అది నాలుగు రెట్లు, అనగా దాదాపు 23 లక్షల జౌళ్లు. ఈ శక్తి ఏడు లీటర్ల నీటిని కాచి మరగించుటకు చాలును. మంచి టైర్లు, పొడి రోడ్డు ఉన్నచో మొదటి కారు 40 మీటర్లలో ఆగును. రెండవది 157 మీటర్లు తీసుకొనును. అదియు డ్రైవరు కాలు బ్రేకును తాకిన తరువాతి మాట. ఆ వేగములో ఒక సెకను తడబడినచో మరి 55 మీటర్లు గడచిపోవును.

ఆ శక్తి యంతయు ఆరు సెకనుల లోపున బ్రేకులలో వేడిగా మారవలెను. సగటున ఇది 400 కిలోవాట్లు, అనగా 540కి పైబడిన అశ్వశక్తి. ఈ లెక్కను బట్టి కారులో మిక్కిలి బలమైన యంత్రము పెక్కుసార్లు ఇంజను కాదు, బ్రేకు. పాతకాలపు డ్రమ్ము బ్రేకులు వేడెక్కినచో డ్రమ్ము వ్యాకోచించి షూల నుండి దూరమగును, పట్టు సడలును. డిస్కు బ్రేకు గాలికి తెరచి యుండును గనుక త్వరగా చల్లారును. 1953లో ఫ్రాన్సు దేశపు లె మాన్స్ 24 గంటల పందెమును జాగ్వార్ సి-టైప్ కారు డిస్కు బ్రేకులతోనే గెలిచినది.

ఆ లె మాన్స్‌లోనే 1955 జూన్ 11న మోటారు పందెముల చరిత్రలో మిక్కిలి ఘోరమైన ప్రమాదము జరిగినది. జాగ్వార్ నడుపుచున్న మైక్ హాథార్న్ ఆగుటకై బ్రేకు వేసెను. వెనుకనున్న ఆస్టిన్-హీలీ కారు తప్పించుకొనుటకు ప్రక్కకు జరిగెను. అంతకంటె ఎక్కువ వేగముతో వచ్చుచున్న పియరీ లెవెగ్ మెర్సిడెస్ కారు దానిని ఢీకొని ప్రేక్షకుల లోనికి ఎగిరిపడెను. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా మరణించిరి. ఆ మెర్సిడెస్ ఆ కాలపు ఉత్తమ యంత్రములలో ఒకటి. డ్రమ్ము బ్రేకులతో పాటు గాలిని అడ్డుకొను రెక్క కూడ దానికి ఉండెను. కాని ఆ మార్గము ఇరుకైనది. కార్ల వేగములు వేరువేరు. ప్రేక్షకులకు మట్టికట్ట తప్ప రక్షణ లేదు. కార్ల శక్తి పెరిగినంతగా చుట్టునున్న ఏర్పాట్లు పెరుగలేదు. ఆ సంవత్సరాంతమున మెర్సిడెస్ సంస్థ పందెముల నుండి విరమించినది; అనేక సంవత్సరముల వరకు తిరిగి రాలేదు.

క్రొత్త నమూనాల తీరు

టర్బోఛార్జరుకు ఒక లోపము కలదు. పెడలు నొక్కిన వెంటనే పొగ చాలినంత రాదు గనుక టర్బైను వేగము అందుకొనుటకు కొంత ఆలస్యమగును. 2024 మేలో పోర్షె ప్రకటించిన 911 కరెరా జి.టి.ఎస్. కారులో టర్బోఛార్జరు ఇరుసుకే చిన్న విద్యుత్ మోటారును అమర్చిరి. పొగ కొరకు వేచియుండకుండ ఆ మోటారు దానిని త్రిప్పును. పొగ ఎక్కువైనప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును ఇచ్చును. గేరు పెట్టెలోని మరియొక మోటారుతో కలిపి మొత్తము శక్తి 541 అశ్వశక్తి.

2024 జూన్‌లో బుగాటి చూపిన టూర్బియాన్ నమూనాలో టర్బోఛార్జర్లే లేవు. 16 సిలిండర్ల ఇంజను 1,000, మూడు విద్యుత్ మోటార్లు 800, మొత్తము 1,800 అశ్వశక్తి. మోటారు మొదటి చుట్టు నుండియే పూర్తి బలము నిచ్చును గనుక తిత్తి అవసరము తగ్గినది. అయినను మోటార్లకు బాటరీ కావలెను. కిలో పెట్రోలులో 44 మెగాజౌళ్లు ఉండగా, కిలో లిథియం బాటరీలో ఒక మెగాజౌలు కూడ నిలువదు. ఆ బరువు మరల బ్రేకుల మీదనే పడును.

అయితే విద్యుత్ మోటారు ఆపుటలోను సాయపడును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఇ పందెము జరిగినది. అందు పాల్గొన్న విద్యుత్ కార్ల గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లు. కాని వేగము తగ్గించునపుడు అవి 600 కిలోవాట్ల వరకు విద్యుత్తును తిరిగి పొందగలవు. వెనుక చక్రములకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండగనే వానిని రూపొందించిరి. పూర్వము వేడిగా వృథా యగు శక్తి ఇక్కడ బాటరీలోనికి మరలి వచ్చుచున్నది.

ఔత్సాహికులకు హెచ్చరిక

నేటి కార్లలో ఇంజనును నడుపునది ఒక చిన్న కంప్యూటరు. అందలి లెక్కలను మార్చి టర్బో పీడనమును పెంచుట కొన్ని నిమిషముల పని. తయారీదారు వేడి దినముల కొరకు, నాసి పెట్రోలు కొరకు వదలిన భద్రతా భాగమును ఈ మార్పు తినివేయును. టైర్లు, బ్రేకులు, రేడియేటరు మాత్రము పాతవే. మన దేశమున మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని చెప్పుటకు కారణము ఇట్టి ప్రమాదములే. పందెపు బాటపై ఎదురు వచ్చువారుండరు. రోడ్డుపై సైకిళ్లు, ఎద్దుబండ్లు, బడికి పోవు పిల్లలు ఉందురు.

కావున మెరుగుపరచు క్రమము మొదట టైర్లు, బ్రేకులు, పిదప చల్లార్చు ఏర్పాట్లు, చివరకు శక్తి. క్రొత్త కారు ప్రకటన చదువు విద్యార్థి అశ్వశక్తి అంకె వద్దనే ఆగక, కారు బరువును, వేగమును తీసుకొని గతిజ శక్తిని లెక్కించవలెను. అది ఎన్ని మీటర్లలో ఆగునో కూడ కాగితముపై వేసి చూడవలెను. ఏ కారు ఎంత మంచిదో ఆ రెండవ లెక్కయే తెలుపును.