అజంతా చిత్రాలూ లక్క పూతా

నేటి తెలంగాణా, ఔరంగాబాదు ప్రాంతంలోని అజంతా గుహలూ ఒకప్పుడు ఒకే నిజాం రాజ్యంలో ఉండేవి కనుక, అజంతాలోని బౌద్ధచిత్రాలను కాపాడటానికి హైదరాబాదు ప్రభుత్వం చేసిన ప్రయత్నం తెలంగాణ చరిత్రకూ చెందినదే. 1914లో ఏర్పడిన ఆ రాజ్య పురావస్తు శాఖకు సారథి అయిన గులాం యజ్దానీ కాలంలో, పెచ్చులుగా రాలిపోతున్న ఈ కుడ్యచిత్రాలను, అంటే గోడపూత మీద వేసిన బొమ్మలను, నిలబెట్టడానికి ఇటలీ నుంచి పిలిపించిన చెక్కోని, ఓర్సిని అనే నిపుణులు 1920–22 మధ్య పనిచేశారు.

అజంతాలో రాతి మీద మట్టి, ఊక, గడ్డి కలిపిన మందపాటి పూత, దానిపై పలుచని సున్నం, ఆపైన జిగురు కలిపిన రంగులు ఉంటాయి. వీటిలో ఏ పొర పట్టు వదిలినా బొమ్మ ఊడి వస్తుంది. అందుకే సంరక్షకుడు గోడను వేలితో మెల్లగా తట్టి, డొల్ల చప్పుడు వచ్చిన చోట సిరంజితో అతుకు ద్రవాన్ని లోపలికి ఎక్కించి, పొర అంటుకునేదాకా మెత్తగా అదిమి ఉంచి, విరిగిన అంచులకు కొత్త గార కడతాడు. చెరిగిపోయిన ముఖాన్ని ఊహించి గీయడం మాత్రం ఈ విద్యలో తప్పు. భక్తులకు వెలితిగా తోచినా, ఖాళీని చుట్టుపక్కల రంగులకు నప్పే మందమైన ఛాయతో సరిపెట్టడమే నిజాయితీ.

ఇటలీ నిపుణులు ఊడుతున్న పొరలను అతికించి చేసిన మేలు కాదనలేనిది గాని, రక్షణ కోసం వారు పూసిన లక్క కాలక్రమాన పచ్చబడి, ముదిరి, దుమ్ము పట్టి అసలు రంగులను మరుగుపరచింది. నకళ్లు గీయడానికి 19వ శతాబ్దంలో వచ్చిన చిత్రకారులు అంతకుముందే వార్నిష్ పూసి ఉండటం ఈ చిక్కును ఇంకా పెంచింది. స్వాతంత్ర్యానంతరం బాధ్యత తీసుకున్న భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రసాయనవేత్తలు ఆ పూతలను దూదితో, ద్రావకాలతో కొద్దికొద్దిగా తొలగించవలసి వచ్చింది. ఇవాళ వేసిన మందును రేపు తీసేయడానికి వీలుండాలన్న నేటి నియమం ఇలాంటి అనుభవాల నుంచి గట్టిపడినదే.

గుహల్లోనే కాదు, గుళ్లలోని బొమ్మలకూ ఇలాంటి రక్షణ అవసరమే. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయంలో బొమ్మలు మండపాల కప్పుకు ఉన్నందున, పైన వాననీరు ఇంకకుండా చేయనిదే కింద ఎంత చికిత్స చేసినా దండగ. ఊళ్లలోని పాత గుళ్లకు ఈ పాటి శ్రద్ధ కూడా దక్కడం లేదు. జాతర ముందు వేసే సున్నం, ఎనామిల్ రంగు వానకంటే వేగంగా బొమ్మలను తుడిచేస్తున్నాయి. పాత గోడ మీద గీతలో, రంగులో కనిపిస్తే గ్రామస్థులు ముందు ఫొటో తీసి, పురావస్తు శాఖకు తెలిపి, ఆ తర్వాతే సున్నపు కుంచె పట్టాలి.